అమ్మాయి ఫుటీ ఆడతానంటే: ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ, క్రికెట్, నెట్‌బాల్, సాకర్‌లలో ఏది ఎంచుకోవాలి?

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. ఇక్కడ పుట్టిన, లేదా చిన్నప్పుడే వచ్చేసిన అమ్మాయిలు స్కూల్లో బాస్కెట్‌బాల్ లాంటి నెట్‌బాల్ ఆడతారు, ఆదివారాలు నాన్నతో క్రికెట్ ఆడతారు, ఏదో ఒక రోజు స్నేహితురాలితో కలిసి ఫుటీ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి "నేనూ చేరతాను" అంటారు. సరదాగా ఆడినంతకాలం ఏ ఆటైనా ఒకటే. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చి, కోచ్ పిలిచి "మీ అమ్మాయిలో సత్తా ఉంది" అన్న రోజున మాత్రం ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఏ ఆటలో భవిష్యత్తు ఉంది, డబ్బెంత, దెబ్బలెంత, చదువు సంగతేమిటి అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి.

ఆ ప్రశ్నలు వేసుకుంటున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమ్మాయి ఇప్పటికే క్రికెట్‌లో రాష్ట్ర స్థాయికి చేరువలో ఉంటే క్రికెట్ వదలకండి. అలా కాకుండా బాగా పరిగెత్తగలిగి, ఎత్తుకు ఎగిరి బంతి పట్టగలిగి, ఇంకా ఏ ఆటలోనూ స్థిరపడకపోతే, ఆస్ట్రేలియాలో ఆమెకు ఎక్కువ అవకాశమున్న ప్రొఫెషనల్ ఆట ఫుటీయే. ఏ ఆటలో గరిష్ఠంగా ఎంత సంపాదించవచ్చో చూసి నిర్ణయించుకోవడం మాత్రం పొరపాటు. అందులో చోట్లు ఎన్ని, శరీరం ఎంత తట్టుకుంటుంది, పక్కన ఏ ఉద్యోగం నిలబెట్టుకోగలదు అన్న మూడు లెక్కలే అసలు లెక్కలు.

ఆట గురించి రెండు మాటలు

ఫుటీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. క్రికెట్ మైదానమంత పెద్ద అండాకారపు గ్రౌండ్‌లో కోడిగుడ్డు ఆకారపు బంతితో నాలుగు క్వార్టర్లు ఆడతారు. బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, కానీ చేత్తో విసరకూడదు. మధ్య రెండు స్తంభాల నడుమ తన్నితే ఆరు పాయింట్లు, పక్క స్తంభాల మధ్య పడితే ఒక్క పాయింటు. బంతి చేతిలో ఉన్న ప్లేయర్‌ని కబడ్డీలో రైడర్‌ని పట్టినట్టు నడుము దగ్గర పట్టి పడేస్తారు. మగవాళ్ల లీగ్ ఏఎఫ్ఎల్‌లో జట్టుకు 18 మంది గ్రౌండ్‌లో ఉంటే, ఆడవాళ్ల లీగ్ ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో 16 మంది. బంతి కూడా కాస్త చిన్నది.

ఈ ఆటలో అమ్మాయిలకు దారి సులభంగా ఏమీ దొరకలేదు. 2003లో మెల్‌బోర్న్‌లో ముగ్గురు అమ్మాయిలు, వయసు దాటిందని అబ్బాయిల జూనియర్ జట్ల నుంచి తమను తీసేస్తే ట్రిబ్యునల్‌కి వెళ్లారు. ఆ ముగ్గురిలో పెన్నీ కులా-రీడ్ ఒకరు. ఆ కేసు తర్వాతే విక్టోరియాలో అమ్మాయిలకు విడిగా యూత్ పోటీలు మొదలయ్యాయి. 2017లో ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ తొలి సీజన్ వచ్చేసరికి ఆమె కాలింగ్‌వుడ్ జట్టులో ఉంది. ఆ సీజన్ తొలి మ్యాచ్ ఫిబ్రవరి 3న కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ మధ్య ప్రిన్సెస్ పార్క్‌లో జరిగింది. 24,568 మంది లోపల నిండిపోవడంతో గేట్లు మూసేశారు. ఈ రోజు మన అమ్మాయికి ఇంటి పక్క గ్రౌండ్‌లో అండర్-14 అమ్మాయిల జట్టు ఉందంటే దాని వెనక వీళ్ల పోరాటం ఉంది. ఆ సంగతి పిల్లలకు తెలిసి ఉండటం మంచిది.

డబ్బు: పై అంకె కాదు, కింది అంకె చూడండి

2017లో ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో మార్క్యూ ప్లేయర్లకు, అంటే జట్టులో పెద్ద పేరున్నవాళ్లకు ఇచ్చింది 27,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. వాళ్ల తర్వాతి వరసకు 12,000. మిగతా అందరికీ 8,500. అది కొన్ని నెలల పార్ట్‌టైమ్ జీతం, అంతే. 2022 ఒప్పందంతో కనీస జీతం 39,184 డాలర్లకు, పై తరగతి 71,935కి చేరింది. 2023 సెప్టెంబర్‌లో మగవాళ్ల లీగ్‌నీ ఆడవాళ్ల లీగ్‌నీ కలిపి మొదటిసారి ఒకే ఒప్పందం చేశారు. ఐదేళ్లకు చేసుకున్న ఆ ఒప్పందం ప్రకారం ఆడవాళ్ల సగటు జీతం సుమారు 46,000 నుంచి 60,000కి పెరిగింది, 2027కల్లా 82,000కి చేరాలి. అంతకన్నా ముఖ్యం, కాంట్రాక్టులు పన్నెండు నెలలవి అయ్యాయి. అంటే సీజన్ అయిపోగానే జీతం ఆగిపోదు.

60,000 అంటే విక్టోరియాలో కొత్తగా చేరిన స్కూల్ టీచర్ జీతం కన్నా తక్కువ. మెల్‌బోర్న్ అద్దెలు కడుతూ ఒక్క మనిషి బతకవచ్చు, వెనకేసుకోవడం కష్టం. పదేళ్ల క్రితం ఆడటానికి సొంత డబ్బు పెట్టుకున్న ఆటలో ఇది పెద్ద మార్పే. కానీ అమ్మాయికి ఇంట్లో చెప్పాల్సిన మాట ఒకటుంది: ఇది ఇల్లు కొనే జీతం కాదు, మంచి సగం కెరీర్.

క్రికెట్‌లో అంకెలు పెద్దవి. 2023లో క్రికెట్ ఆస్ట్రేలియా ప్లేయర్లతో చేసుకున్న ఐదేళ్ల ఒప్పందంలో ఆడవాళ్లకిచ్చే మొత్తం 66 శాతం పెరిగింది. రాష్ట్ర జట్టు కాంట్రాక్టూ, ఇక్కడి ఆడవాళ్ల టీ20 లీగ్ డబ్ల్యూబీబీఎల్ కాంట్రాక్టూ రెండూ ఉన్న దేశవాళీ ప్లేయర్ సగటు సంపాదన లక్షన్నర డాలర్ల స్థాయికి వచ్చింది. ఆపైన ఇండియాలో డబ్ల్యూపీఎల్ ఉంది. 2023 తొలి వేలంలో ఆష్ గార్డ్‌నర్‌ని గుజరాత్ జెయింట్స్ 3.2 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఈ ఆటలో ఆస్ట్రేలియాలో నేర్చుకున్న నైపుణ్యం ఇండియాలో, ఇంగ్లండ్‌లో కూడా చెల్లుతుంది. మన ఇళ్లలో దీన్ని అర్థం చేసుకోవడానికి కష్టపడక్కర్లేదు. కడప అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో బౌలింగ్ చేస్తుంటే ఇక్కడి తెలుగు ఇళ్లలో టీవీలు ఆపలేదు. ఆస్ట్రేలియా జట్టులోనే లెగ్ స్పిన్నర్ అలానా కింగ్ ఉంది. ఆమె మెల్‌బోర్న్‌లో పెరిగింది, తల్లిదండ్రులు చెన్నై నుంచి వచ్చినవాళ్లు.

నెట్‌బాల్‌లో పై లీగ్ అయిన సూపర్ నెట్‌బాల్ సగటు జీతం 2024లో 90,000 డాలర్లకు దగ్గరగా వచ్చింది. అది కూడా 2023లో నెలల తరబడి ప్లేయర్లు కాంట్రాక్టు లేకుండా, జీతం లేకుండా పోరాడిన తర్వాత. అదే ఏడాది కాలింగ్‌వుడ్ తన నెట్‌బాల్ జట్టును మూసేసింది. క్లబ్ ఎంత పెద్దదైనా ఆడవాళ్ల జట్టు దానికి శాశ్వతం అనుకోవద్దని ఆ ఘటన చూపించింది.

సాకర్‌లో దేశవాళీ జీతం తక్కువ. ఎ-లీగ్ ఆడవాళ్ల పోటీలో 2023-24లో కనీసం 25,000 డాలర్ల దగ్గర ఉంది. అసలు డబ్బు, పేరు అంతా యూరప్‌లో, అమెరికాలో. ఆస్ట్రేలియా స్టార్ శామ్ కెర్ ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లింది అందుకే. పద్దెనిమిదేళ్లకే దేశం దాటి పోవడానికి కుటుంబం సిద్ధంగా ఉంటేనే సాకర్‌ని కెరీర్‌గా చూడండి.

రగ్బీ లీగ్ ఆడవాళ్ల పోటీ గురించి సిడ్నీ, బ్రిస్బేన్ వాళ్లు ఆలోచించాలి. మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్‌లలో ఉన్నవాళ్లకు అది ఆచరణలో పనికొచ్చే దారి కాదు.

చోట్లు ఎన్ని ఉన్నాయి?

జీతాలు పోల్చేటప్పుడు దాదాపు ఎవరూ వేయని లెక్క ఇది. ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో 2017లో 8 జట్లు. 2019లో జీలాంగ్, నార్త్ మెల్‌బోర్న్ వచ్చాయి. 2020లో గోల్డ్ కోస్ట్, రిచ్‌మండ్, సెయింట్ కిల్డా, వెస్ట్ కోస్ట్. 2022 ఆగస్టులో ఎసెండన్, హాథార్న్, పోర్ట్ అడిలైడ్, సిడ్నీ. ఇప్పుడు మొత్తం 18. ఒక్కో జట్టుకు 30 మంది చొప్పున దాదాపు 540 మందికి కాంట్రాక్టు దొరుకుతుంది.

సూపర్ నెట్‌బాల్‌లో 8 జట్లు, ఒక్కో జట్టుకు 10 మంది. అంటే 80 చోట్లు, అందులోనూ కొన్ని ఇంగ్లండ్, జమైకా లాంటి దేశాల ప్లేయర్లవి. దేశంలో లక్షలాది అమ్మాయిలు ఆడే ఆటకు 80 చోట్లు! డబ్ల్యూబీబీఎల్‌లో 8 జట్లు, జట్టుకు సుమారు 15 మంది. విదేశీ ప్లేయర్లు పోగా మిగిలేది వంద చిల్లర. రాష్ట్ర జట్లు ఏడు ఉన్నా, అందులో ఉండేది చాలావరకు వాళ్లే.

అందుకే నెట్‌బాల్ సగటు జీతం ఎక్కువ కదా అని ఎవరైనా అంటే, 80 మందిలో ఒకరయ్యే అవకాశాన్నీ 540 మందిలో ఒకరయ్యే అవకాశాన్నీ పక్కపక్కన పెట్టి చూడమంటాను. విక్టోరియా వాళ్లకు ఇంకో మేలు ఉంది. 18 జట్లలో పది ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇల్లు వదలకుండా ఆడే అవకాశం వేరే ఏ ఆటలోనూ ఇంత లేదు.

ఫుటీకి ఉన్న పెద్ద లోటు కూడా ఇక్కడే చెప్పాలి. దేశం తరఫున ఆడటం ఇందులో ఉండదు. ఒలింపిక్స్ లేవు, ప్రపంచ కప్ లేదు. ఆస్ట్రేలియా దాటితే ఈ నైపుణ్యానికి మార్కెట్ లేదు. అమ్మాయి కల దేశం జెర్సీ వేసుకోవడమే అయితే ఫుటీలో అది తీరదు. ఈ మాట పదిహేనేళ్లప్పుడే ఆమెతో మాట్లాడండి.

ఆలస్యంగా మొదలుపెట్టినా తలుపు తెరిచే ఆట

మన కుటుంబాలకు సంబంధించి ఫుటీలో నాకు బాగా నచ్చేది ఇదే. ఇక్కడి పిల్లలు అయిదేళ్లకే ఆస్‌కిక్ అనే చిన్నపిల్లల ఫుటీ శిక్షణలో బంతి పట్టుకుంటారు. మన పిల్లల్లో చాలామంది అసలు ఈ ఆట చూసేదే పదేళ్ల తర్వాత. క్రికెట్‌లో బ్యాటింగ్ టెక్నిక్, నెట్‌బాల్‌లో కోర్టు మీద పాదాలు ఎలా పెట్టాలన్నది, సాకర్‌లో తొలి టచ్, ఇవన్నీ చిన్నప్పటి నుంచి వేల గంటలు చేస్తేగానీ రావు. పదహారేళ్లకు మొదలుపెట్టి సాకర్‌లో పైకి రావడం దాదాపు అసాధ్యం.

ఫుటీ అలా లేదు. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడిన కోరా స్టాంటన్ 2018లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టులోకి వచ్చేసరికి ఆమెకు 36 ఏళ్లు. వచ్చి చాలా సీజన్లు ఆడింది, గోల్స్ కొట్టింది. ఈ మధ్య సీజన్లలో ఐర్లండ్ నుంచి వచ్చి ఆడుతున్నవాళ్లు 30 మందికి పైనే. ఆస్ట్రేలియా నెట్‌బాల్ జట్టుకు ఆడిన షార్నీ లేటన్ 30 ఏళ్లు వచ్చాక కాలింగ్‌వుడ్‌లో చేరి, ఎత్తుకు ఎగిరి బంతి అందుకునే రక్ స్థానంలో నిలదొక్కుకుంది. ఆష్ బ్రాజిల్ నెట్‌బాల్, ఫుటీ రెండూ ఆడింది.

ఎరిన్ ఫిలిప్స్ కథ అందరూ చెప్తారు, కానీ సగమే చెప్తారు. అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో టైటిల్ గెలిచి, ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడి, 31 ఏళ్లకు అడిలైడ్ జట్టులోకి వచ్చి, 2017లో, 2019లో రెండుసార్లు లీగ్ మొత్తంలో బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్, అంటే ఉత్తమ ప్లేయర్ అవార్డు గెలిచింది. నిజమే. కానీ ఆమె తండ్రి గ్రెగ్ ఫిలిప్స్ పోర్ట్ అడిలైడ్ దిగ్గజం. ఆమె చిన్నప్పుడు అబ్బాయిలతో ఫుటీ ఆడుతూ పెరిగింది, టీనేజ్‌లో అమ్మాయిలకు దారి మూసుకుపోతే బాస్కెట్‌బాల్‌కి వెళ్లింది. ఆమెది ఆలస్యంగా నేర్చుకున్న ఆట కాదు, ఆలస్యంగా దొరికిన ఆట. కాబట్టి ఏ ఆట నుంచైనా ఎప్పుడైనా దూకేయవచ్చనుకోకండి. బాస్కెట్‌బాల్, నెట్‌బాల్, అథ్లెటిక్స్, గేలిక్ ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాళ్లు త్వరగా కుదురుకుంటారు. ఎందుకంటే గాలిలో బంతి పట్టడం, పరుగులో దిశ మార్చడం, ఎదుటి మనిషిని చదవడం వాళ్లకు ముందే వచ్చు. తన్నడం నేర్చుకోవడానికి మాత్రం రెండేళ్లు పడుతుంది. అది రోజూ చేయాల్సిన పని.

ఇంకో సంగతి. ఈ తలుపు ఏటా కొంచెం కొంచెం మూసుకుంటోంది. ఇప్పుడు డ్రాఫ్ట్‌కి, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ప్లేయర్లను ఎంచుకునే కార్యక్రమానికి, వస్తున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయిలు చిన్నప్పటి నుంచి అమ్మాయిల జట్లలో ఆడినవాళ్లు. ఇవాళ పద్నాలుగేళ్లున్న అమ్మాయి ఫుటీలో చేరాలనుకుంటే వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దు.

మోకాలు, తల

తల్లిదండ్రులకు ఇది చదవడం ఇబ్బందిగా ఉంటుంది. అయినా పూర్తిగా చదవండి.

ఫుటీలో అమ్మాయిల మోకాలి లిగమెంట్ తెగిపోవడం, అంటే ఏసీఎల్ దెబ్బ, మగవాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. దెబ్బ తగిలితే ఆపరేషన్, తర్వాత తొమ్మిది నెలల నుంచి ఏడాది. 2018 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో జీలాంగ్ తీసుకున్న నీనా మోరిసన్ తొలి మ్యాచ్ అద్భుతంగా ఆడి, ఆ వెంటనే ట్రైనింగ్‌లో మోకాలు పోగొట్టుకుంది. తర్వాత కోలుకుని జట్టులో కీలక ప్లేయర్ అయింది. 2019 గ్రాండ్ ఫైనల్‌లో అడిలైడ్ ఓవల్‌లో 53,034 మంది చూస్తుండగా ఎరిన్ ఫిలిప్స్ మోకాలు తెగింది. ఆ రోజు అడిలైడ్ గెలిచింది, మ్యాచ్‌లో బెస్ట్ ఆమే, కానీ ఆమె గ్రౌండ్ బయటికి వచ్చింది స్ట్రెచర్ మీద.

ఎందుకిలా? ఎగిరి ఒంటికాలి మీద దిగడం, పరుగులో ఒక్కసారిగా తిరగడం ఈ ఆటలో ఎక్కువ. చాలామంది అమ్మాయిలకు చిన్నప్పటి నుంచి వెయిట్ ట్రైనింగ్ అలవాటు ఉండదు. సరిగ్గా దిగడం, సరిగ్గా పడిపోవడం ఎవరూ నేర్పరు. అందుకే లా ట్రోబ్ యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి ఏఎఫ్ఎల్ 'ప్రెప్ టు ప్లే' అనే వార్మప్, ట్రైనింగ్ పద్ధతి తయారుచేసింది. క్లబ్‌లో చేరేముందు కోచ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ప్రెప్ టు ప్లే ప్రతి ట్రైనింగ్‌లో చేయిస్తారా?" తడబడితే వేరే క్లబ్ చూసుకోండి. ఈ విషయంలో నేను రాజీ పడను. జట్టు గెలుస్తుందా ఓడుతుందా అన్నది రెండో సంగతి.

నెట్‌బాల్‌లో కూడా ఇదే మోకాలి సమస్య ఉందని మర్చిపోకండి. బంతి పట్టగానే ఆగాలన్న నియమం వల్ల అక్కడ మోకాలి మీద భారం తక్కువేం కాదు. "ఫుటీ వద్దు, నెట్‌బాల్ అయితే సేఫ్" అనే మాట తెలుగు అమ్మల నోట తరచు వింటాను. మోకాలి విషయంలో అది నిజం కాదు. క్రికెట్ ఈ లెక్కలో కాస్త నయం. అక్కడ ఫాస్ట్ బౌలర్ల వెన్ను వేరే కథ.

తల దగ్గరికి వస్తే తేడా నిజంగా ఉంది. ఢీకొట్టే ఆటలో కంకషన్, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం, తప్పదు. 2017లో అడిలైడ్ తొలి టైటిల్ జట్టులో ఆడిన హెదర్ ఆండర్సన్ సైన్యంలో వైద్య సహాయకురాలు. 2022 నవంబర్‌లో 28 ఏళ్లకే ఆమె చనిపోయింది. కుటుంబం ఆమె మెదడును పరిశోధనకు ఇస్తే, పదేపదే తల దెబ్బలతో ముడిపడిన సీటీఈ వ్యాధి లక్షణాలు కనిపించాయని 2023లో బయటపెట్టారు. ప్రొఫెషనల్ క్రీడాకారిణుల్లో ఆ వ్యాధి నిర్ధారణ అయింది ఆమెకే మొదటిసారి. ఆమె కుటుంబం చేసిన ఆ దానం వల్లే ఇవాళ మనం ఈ ప్రశ్న గట్టిగా అడగగలుగుతున్నాం.

ఇప్పటి నియమం ప్రకారం ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో కంకషన్ అయితే కనీసం 12 రోజులు ఆడకూడదు. స్థానిక క్లబ్బుల్లో 2024 నుంచి కనీసం 21 రోజులు. ఫైనల్స్ దగ్గరపడ్డాయి కదా అని ఈ గడువు తగ్గించమని ఎవరైనా అడిగితే, తల్లిదండ్రులుగా మీరే కాదనాలి. అమ్మాయి ఏడ్చినా సరే.

ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. క్లబ్ రిజిస్ట్రేషన్‌తో వచ్చే బీమా అన్ని ఖర్చులకూ సరిపోదు. ప్రైవేట్ హాస్పిటల్ కవర్‌లో కీళ్ల రీకన్‌స్ట్రక్షన్ బ్రాంజ్ స్థాయి నుంచి వస్తుంది, బేసిక్‌లో సాధారణంగా ఉండదు. వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి సీజన్ మొదలవ్వకముందే సరిచూసుకోండి.

క్యాలెండర్, చదువు, ఉద్యోగం

ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ మొదట్లో వేసవిలో, ఫిబ్రవరి నుంచి జరిగేది. 2022 నుంచి ఆగస్టులో మొదలై నవంబర్ చివరి దాకా వెళ్తోంది. ఈ చిన్న మార్పు చాలామంది రెండు ఆటల దారి మూసేసింది. డబ్ల్యూబీబీఎల్ ఆడిన జెస్ డఫిన్, ఎమ్మా కియర్నీ లాంటివాళ్లు ఒకప్పుడు క్రికెట్ ముగించుకుని ఫుటీకి వచ్చేవాళ్లు. ఇప్పుడు రెండూ ఒకే నెలల్లో పడుతున్నాయి. కాబట్టి "పద్దెనిమిదేళ్ల దాకా రెండూ ఆడదాం, తర్వాత కూడా రెండూ ఆడదాం" అనే పథకం పనిచేయదు. జూనియర్ స్థాయిలో మాత్రం క్రికెట్ వేసవిలో, ఫుటీ చలికాలంలో ఉంటాయి. పదహారేళ్ల దాకా రెండూ ఆడించండి. ఒకే ఆటకు ముందే కట్టేయడం శరీరానికీ మంచిది కాదు, మనసుకూ మంచిది కాదు. బాస్కెట్‌బాల్‌తో కలపడం కుదురుతుందని మోనిక్ కాంటి చూపించింది. 2018లో పద్దెనిమిదేళ్లకే వెస్టర్న్ బుల్‌డాగ్స్ గెలిచిన గ్రాండ్ ఫైనల్‌లో బెస్ట్‌గా నిలిచింది, తర్వాత రిచ్‌మండ్‌కి మారి 2023లో లీగ్ బెస్ట్ అయింది. అలాంటివాళ్లు అరుదు.

విక్టోరియాలో పైకి వెళ్లే దారి ఇలా ఉంటుంది: స్థానిక క్లబ్‌లో అండర్-14, 16, 18 జట్లు, తర్వాత ప్రతిభ ఉన్న టీనేజర్ల పోటీ అయిన టాలెంట్ లీగ్‌లో గర్ల్స్ జట్టు, రాష్ట్ర అండర్-18 జట్టు, డిసెంబర్‌లో డ్రాఫ్ట్. పడమటి శివార్ల అమ్మాయిలకు టాలెంట్ లీగ్‌లో వెస్టర్న్ జెట్స్ దారి. ఇతర దేశాల మూలాలున్న పిల్లల కోసం పెద్ద క్లబ్బులు నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు నడుపుతున్నాయి. అమ్మాయిలకు అందులో చోటు ఉందేమో అడగడానికి మొహమాటపడకండి. డ్రాఫ్ట్‌లో ఎంపిక కాకపోతే రాష్ట్ర స్థాయి ఆడవాళ్ల లీగ్ వీఎఫ్ఎల్‌డబ్ల్యూలో ఆడుతూ మళ్లీ ప్రయత్నించవచ్చు. అలా రెండేళ్లు, మూడేళ్లు ఆగి వచ్చినవాళ్లు ప్రతి జట్టులోనూ ఉన్నారు.

మన ఇళ్లలో అసలు గొడవ పన్నెండో తరగతి దగ్గర వస్తుంది. ఎంపికల ఏడాది, వీసీఈ (విక్టోరియాలో స్కూలు చివరి పరీక్షలు) ఏడాది ఒకటే. పరీక్షలు అక్టోబర్, నవంబర్‌లో, డ్రాఫ్ట్ ఆ తర్వాత. సబ్జెక్టులు కొన్ని పదకొండులోనే పూర్తి చేసుకోవడం, లేదా పన్నెండో తరగతిని రెండేళ్లకు పంచుకోవడం రెండూ సాధ్యమే, స్కూళ్లు ఒప్పుకుంటాయి. ఫుటీ మానేస్తే మార్కులు పెరుగుతాయనే హామీ ఎక్కడా లేదని కూడా చెప్పాలి.

డ్రాఫ్ట్ అయ్యాక ఏ కోర్సు అన్నది జీతం కన్నా పెద్ద నిర్ణయం. మెల్‌బోర్న్ కెప్టెన్‌గా ఏళ్ల తరబడి ఈ ఆటకు ముఖంగా ఉన్న డైసీ పియర్స్ మిడ్‌వైఫ్‌గా పనిచేస్తూనే ఆడింది. కవలలు పుట్టడంతో 2019 సీజన్ ఆగింది, 2020లో తిరిగొచ్చింది, 2022 నవంబర్‌లో కెప్టెన్‌గా టైటిల్ గెలిచి రిటైరైంది. ఆ తర్వాత జీలాంగ్ మగవాళ్ల జట్టుకు కోచింగ్ బృందంలో పనిచేసి, వెస్ట్ కోస్ట్ ఆడవాళ్ల జట్టుకు హెడ్ కోచ్ అయింది. నర్సింగ్, ఫిజియోథెరపీ, టీచింగ్, పారామెడిక్స్ లాంటివి ఈ జీవితానికి సరిపోతాయి. షిఫ్టులు మార్చుకోవచ్చు, పార్ట్‌టైమ్‌గా చదవవచ్చు. మెడిసిన్ అసాధ్యం కాదు గానీ క్లినికల్ ఏడాదుల్లో చాలా కష్టం. ఐటీ ఉద్యోగం ఇంటి నుంచి చేసేదైతే బాగానే కుదురుతుంది.

ఎవరికి ఏది?

అమ్మాయికి పన్నెండేళ్లు, ఏదీ తేలలేదు అంటే, రెండు మూడు ఆటలు ఆడించండి. అందులో ఒకటి ఫుటీ ఉండనివ్వండి. ఇంకేమీ ఆలోచించకండి.

పదిహేనేళ్లు, క్రికెట్‌లో ప్రీమియర్ క్లబ్ స్థాయిలో ఆడుతోంది, ఫుటీ కూడా ఇష్టం అంటే, క్రికెట్‌ని ప్రధానంగా పెట్టుకోండి. జీతం ఎక్కువ, దేశం దాటి చెల్లుతుంది, తలకు ప్రమాదం తక్కువ. ఎలీస్ పెర్రీ సాకర్‌లోనూ క్రికెట్‌లోనూ దేశానికి ఆడి చివరికి క్రికెట్‌లోనే ఉండిపోయింది.

నెట్‌బాల్‌లో జిల్లా జట్టు దాకా వచ్చి ఆగిపోయిన, ఎత్తుగా ఉన్న పదహారేళ్ల అమ్మాయి అయితే, ఫుటీకి పంపండి. నన్ను అడిగినవాళ్లందరికీ నేను ధైర్యంగా ఇచ్చే సలహా ఇదే. ఆ ఎత్తు, గాలిలో బంతి పట్టే ఆ చేతులు ఫుటీలో బంగారం.

ఇండియాలో ఉన్న అమ్మాయి ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ చూసి ఇష్టపడి, అదే కెరీర్ అనుకుంటే మాత్రం ప్రోత్సహించలేను. అక్కడి నుంచి ఇక్కడి డ్రాఫ్ట్ దాకా నిలకడైన దారి లేదు. అథ్లెటిక్స్‌లోనో, కబడ్డీలోనో, క్రికెట్‌లోనో ఆమె బలానికి దగ్గర్లోనే విలువ దొరుకుతుంది.

డ్రాఫ్ట్ దాకా వెళ్లి, వేరే రాష్ట్రం క్లబ్ ఎంచుకుంటే ఏం చేయాలన్న ప్రశ్న కూడా వస్తుంది. డ్రాఫ్ట్ ఇప్పుడు జాతీయ స్థాయిలో జరుగుతోంది, కాబట్టి మెల్‌బోర్న్ అమ్మాయి పెర్త్‌కో గోల్డ్ కోస్ట్‌కో వెళ్లాల్సి రావచ్చు. పద్దెనిమిదేళ్లకు ఒంటరిగా వెళ్లడం భారమే. అయినా వెళ్లమంటాను, రెండు షరతులతో. క్లబ్ మొదటి ఏడాది ఎక్కడ ఉంచుతుందో, ఎవరింట్లో ఉంచుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. యూనివర్సిటీ సీటును ఆ ఊళ్లోకి మార్చుకోవడం కుదురుతుందో ముందే కనుక్కోండి. రెండో ఏడాది ఇంటికి రావాలనిపిస్తే ట్రేడ్, అంటే క్లబ్బుల మధ్య ప్లేయర్ల మార్పిడి ద్వారా రావచ్చు, చాలామంది వచ్చారు.

పొట్టి నిక్కర్లు, బంధువుల మాటలు, పెళ్లి సంబంధాలు అంటూ వచ్చే అభ్యంతరాలకు ఇందులో చోటివ్వలేదు. ఆ నిర్ణయం అమ్మాయిది. క్లబ్బుల్లో నిక్కరు కింద లెగ్గింగ్స్ వేసుకుని ఆడే పిల్లలు ఉంటారు, అడిగితే కాదనరు.

జూనియర్ క్లబ్బుల ప్రీ-సీజన్ సాధారణంగా వేసవి సెలవుల తర్వాత ఊపందుకుంటుంది, మ్యాచ్‌లు ఏప్రిల్ నుంచి. ఫిబ్రవరిలో దగ్గర్లోని రెండు క్లబ్బుల ట్రైనింగ్‌కి అమ్మాయిని తీసుకెళ్లి, ఇద్దరు కోచ్‌లతోనూ మాట్లాడండి. వార్మప్ ఎంతసేపు చేయిస్తున్నారో పక్కన నిలబడి చూడండి. కొత్త పిల్ల బంతి జారవిడిస్తే కోచ్ ఏమంటున్నాడో వినండి. అమ్మాయిల జట్టుకు సొంత డ్రెస్సింగ్ రూమ్ ఉందో లేదో కూడా చూసి రండి.